వరసలో కూర్చున్నవాళ్లు

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది చర్చి క్వయర్‌లోనో, కాలేజీ బృందగానంలోనో పాడినవాళ్లే. కాబట్టి సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనర్, బేస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) గురించి మళ్లీ వివరించను. ఈ రోజు మాట చెక్ దేశంలో ఆర్కెస్ట్రాల్లో, కోరస్‌లలో వరసలో కూర్చున్నవాళ్ల గురించి. ముందు వయోలా అనే తీగవాద్యం గురించి రెండు మాటలు చెప్పి మొదలుపెడతాను.

వయోలా వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త కింద ఉంటుంది. పైన వయొలిన్లు పాట ఎత్తుకుంటాయి, అడుగున చెల్లోలు, డబుల్ బేస్‌లు మోగుతుంటాయి. ఆ రెండింటి మధ్య జాగా నింపడం వయోలా పని. కచేరీ అయ్యాక వయోలా భాగాన్ని కూనిరాగం తీసుకుంటూ ఇంటికెళ్లేవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. చెక్ స్వరకర్త ఆంటోనిన్ ద్వోర్జాక్ 1862 నుంచి 1871 దాకా చెక్ రాజధాని ప్రాగ్‌లోని ప్రొవిజనల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో ఆ వాద్యమే వాయించారు. 1863లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ ప్రాగ్ వచ్చి తన సంగీతాన్ని స్వయంగా నడిపించినప్పుడు ద్వోర్జాక్ ఆ కుర్చీలోనే ఉన్నారు. 1866లో మరో చెక్ స్వరకర్త స్మెతనా అక్కడ కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాను నడిపించే మనిషి, అయినప్పుడూ అదే కుర్చీ. జీతం చాలక ట్యూషన్లు చెప్పుకునేవారు. అలా పాఠం చెప్పిన ఒక ఇంటి అమ్మాయి అన్నాను తర్వాత పెళ్లి చేసుకున్నారు. ఆమెదీ మధ్య గొంతే, ఆల్టో.

తొమ్మిదేళ్లు పై గొంతూ కింది గొంతూ కలిపి వినే చోట కూర్చున్న మనిషి ఆయన. ఆయన రచనల్లో మధ్య వాద్యాలకు అంత చక్కని వరసలు దొరకడానికి కారణం ఆ కుర్చీయేనని నా గట్టి నమ్మకం.

పేరు తెచ్చింది మాత్రం ఒక కోరస్. 1873 మార్చి 9న ఆయన రాసిన దేశభక్తి గీతాన్ని హ్లాహోల్ అనే బృందం మూడు వందల గొంతులతో పాడింది. ఆ రోజుతో ప్రాగ్‌కి ద్వోర్జాక్ ఎవరో తెలిసింది. హ్లాహోల్ 1861లో పుట్టింది. అప్పుడు అక్కడ ఆస్ట్రియా పాలన, పెద్ద కొలువుల్లో జర్మన్ భాష. పగలంతా ఆ భాషలో పనిచేసిన మనుషులు సాయంత్రం ఒకచోట చేరి తమ భాషలో గొంతెత్తి పాడుకునేవాళ్లు. పాటతో గుండెకు, గుండెతో దేశానికి అన్నది ఆ బృందం నినాదం.

ఇక యానాచెక్ అనే ఇంకో చెక్ స్వరకర్త. పదకొండేళ్ల వయసులో, 1865లో, ఆయన్ని మొరావియా ప్రాంతంలోని బర్నో అనే ఊళ్లో ఒక మఠంలో పాడే పిల్లల్లో చేర్చారు. ఆ పిల్లలకు నీలం రంగు యూనిఫాం, అందుకే ఊళ్లో వాళ్లను నీలిపిట్టలు అనేవారు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లాడికి ఆ కోరస్సే కొత్త ఇల్లయింది. పెద్దయ్యాక తనూ బర్నోలో గాయక బృందాలను నడిపారు. 1903లో ఫెర్డినాండ్ వాఖ్ అనే సంగీతం మాస్టారు మొరావియా బడిపంతుళ్లను కూడగట్టి ఒక పురుషుల బృందం పెట్టారు. యానాచెక్ ఆ గొంతులను మనసులో పెట్టుకునే తన కష్టమైన బృందగీతాలు రాశారు. పక్కవాద్యం ఏమీ ఉండదు, ఒక్క స్వరం జారితే దాచుకోవడానికి చోటుండదు. పగలు ఎక్కాలు చెప్పే పంతుళ్లు వాటిని పాడి మెప్పించారు. యానాచెక్ ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ‘యెనూఫా’ ప్రాగ్‌లో గెలిచింది 1916లో, ఆయనకు అరవై దాటాక.

చెక్ ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా మొదటి కచేరీ 1896 జనవరి 4న, ప్రాగ్‌లోని రుడాల్ఫినమ్ అనే కచేరీ భవనంలో. నడిపించింది ద్వోర్జాక్. ఆ ఆర్కెస్ట్రాకు ఈనాటి గొంతు ఇచ్చింది 1919 నుంచి 1941 దాకా దాన్ని నడిపిన వాట్స్‌లావ్ తాలిఖ్. ఆయనా మొదట బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో వయొలిన్ వాయించినవారే.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. తెరెజీన్ అనే కోట ఊరిని నాజీలు యూదుల నిర్బంధ శిబిరంగా మార్చారు. ప్రాగ్‌లో కండక్టర్‌గా పనిచేసిన రఫాయెల్ షెఖ్టర్‌ను అక్కడికి తెచ్చారు. ఆయన దగ్గర ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన ‘రెక్వియం’ (పోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన) స్వరప్రతి ఒక్కటే ఉంది. చలి నేలమాళిగ, ఒక పాత పియానో, రోజంతా చాకిరీ చేసి ఆకలితో వచ్చిన దాదాపు నూట యాభై మంది. కాగితాలు లేవు కాబట్టి ఆయన ఒక్కో చరణం పలికితే వాళ్లు విని, పలికి, ఆ లాటిన్ మాటలన్నీ కంఠస్థం చేశారు. మన గురుముఖంగా నేర్చుకోవడమే. పాడేవాళ్లను రైళ్లలో ఆష్విట్జ్ మరణ శిబిరానికి తీసుకుపోతే కొత్తవాళ్లతో మళ్లీ మొదటి చరణం నుంచి మొదలుపెట్టారు. అలా పదహారుసార్లు పాడారు. 1944 అక్టోబర్‌లో షెఖ్టర్‌నూ తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు.

అదే శిబిరంలో తీగవాద్యాల బృందాన్ని నడిపిన కారెల్ అంచెర్ల్ తిరిగొచ్చారు, భార్యా కొడుకూ రాలేదు. ఆ మనిషి 1950 నుంచి 1968 వరకు చెక్ ఫిల్హార్మోనిక్‌ని నడిపారు. ఆయన రికార్డింగుల్లో ఎక్కడా అనవసరపు ఆర్భాటం వినపడదు. ఆ ఏడాది దేశంలోకి సోవియట్ ట్యాంకులు వచ్చాక టొరంటోలో స్థిరపడి అక్కడే కన్నుమూశారు. మరో చెక్ కండక్టర్ రఫాయెల్ కుబెలిక్ అంతకుముందే, 1948లో, దేశం విడిచారు. షికాగో, లండన్, మ్యూనిక్ అన్నీ తిరిగి, ఆరోగ్యం బాగోక కండక్టింగ్ మానేసిన మనిషి, 1990 మే 12న ప్రాగ్‌లో మళ్లీ నిలబడి స్మెతనా ‘మా వ్లాస్ట్’ నడిపించారు. మా వ్లాస్ట్ అంటే నా దేశం. నలభై రెండేళ్ల తర్వాత.

నా మాటలు ఇక్కడితో ఆపి ఒక రికార్డింగ్ పెడతాను. ద్వోర్జాక్ ‘స్టాబాట్ మాటర్’, అంటే సిలువ దగ్గర నిలబడి ఏడ్చే తల్లి మరియ గురించిన లాటిన్ గీతం, మొదటి భాగం. 1875లో తన పసికందు పోయాక మొదలుపెట్టి పక్కన పెట్టారు. 1877లో కొద్ది వారాల తేడాతో తన మరో ఇద్దరు పిల్లలు పోయాక తీసి పూర్తి చేశారు. 1884లో లండన్‌లో ఎనిమిది వందలకు పైగా గొంతులు ఆయన చేతి కింద దీన్ని పాడాయి. మొదట ఒకే స్వరం మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. కోరస్ నోరు తెరవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారు పడకండి. ఆ లోపు కళ్లు మూసుకుని మధ్యలో వయోలాలు ఏం చేస్తున్నాయో వినండి.