మార్కు పక్కన ఒక్క వాక్యం

అందరికీ నమస్కారం. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే ఈ కాంప్లెక్స్ మీటింగ్ అనగానే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పాఠాలు సాగుతుండగానే చేసే మూల్యాంకనం) మార్కుల ఎంట్రీ గురించే మాట్లాడుకుంటాం. ఆ మార్కు పిల్లల చేతికి వెళ్లాక ఏమవుతుందో ఈ రోజు చెప్పాలని ఉంది.

వీధి బోరు పాడైందని సర్పంచ్ గారికి లేఖ రాయమన్నాను, ఏడో తరగతి వాళ్లను. ఒక అమ్మాయికి పదికి నాలుగు వేసి, కింద ‘ఇంకా బాగా రాయాలి’ అని రాశాను. మర్నాడు నోట్‌బుక్ పట్టుకొచ్చి, "ఏది బాగా రాయాలి సార్?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. నాలుగే ఎందుకు వేశానో నాకే సరిగ్గా తెలియదు. ఆ రోజంతా మనసు బాగాలేదు.

తర్వాత పిల్లలనే అడిగాను: ఈ లేఖ చదివి సర్పంచ్ గారు మెకానిక్‌ని పంపాలంటే అందులో ఏమేం ఉండాలి? ఏ వీధి, ఏమైంది, ఎప్పటి నుంచి, ఎవరికి ఇబ్బంది... అన్నీ వాళ్లే చెప్పారు. తేదీ, సంబోధన, సంతకం నేను చేర్చాను. చార్టు మీద రాసి గోడకు అంటించాం. మన ట్రైనింగుల్లో చెప్పే సూచికలు ఇవే. కానీ అవి మన డైరీలో ఉంటే చాలదు, పిల్లలు రాయడానికి కూర్చోకముందే వాళ్లకు తెలియాలి.

ఆ అమ్మాయి లేఖ మళ్లీ తీసి, ‘బోరు ఎప్పటి నుంచి పాడైందో చేర్చు’ అని మాత్రం రాశాను. ‘వినాయక చవితి నాటి నుంచి నీళ్లు రావడం లేదు. మా అమ్మ బిందె తీసుకుని స్కూలు బోరు దాకా వస్తోంది’ అని చేర్చింది. ఆ రెండో వాక్యం నేను అడగలేదు.

ఇజ్రాయెల్ పిల్లలతో పరిశోధకురాలు రూత్ బట్లర్ చేసిన ఒక అధ్యయనం 1988లో వచ్చింది. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే, కొందరికి రెండూ. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. మార్కు కనబడితే పిల్లలు వ్యాఖ్య వైపు చూడరని నా తరగతిలోనూ గమనించాను. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే పిల్లల్ని ఎప్పటికప్పుడు, అన్ని కోణాల్లో అంచనా వేయడం, ఉండాలన్న చోటే, పిల్లలకు భయం, టెన్షన్ ఉండకూడదనీ చెప్పింది.

నలభై నోట్‌బుక్‌లు రోజూ ఎలా చూస్తామని అడుగుతారు. న్యాయమే. నేను రోజుకు ఎనిమిది చూస్తాను. మిగతావాళ్లు జతలుగా కూర్చుని, చార్టు చూసి ఒకరిది ఒకరు దిద్దుకుంటారు. స్లిప్ టెస్ట్ మార్కు ముందు రిజిస్టర్‌లోనే వేసుకుంటాను, పేపర్ మీద ఒక్క వాక్యం రాస్తాను. మర్నాడు దిద్దుకోవడానికి పది నిమిషాలు ఇచ్చి, ఆ తర్వాతే మార్కు చెబుతాను. ఆ పది నిమిషాలు ఇవ్వని రోజుల్లో నేను రాసినది ఎవరూ చదవలేదు.

మా చార్టు తెచ్చాను. టీ టైమ్‌లో చూడండి. మీ పిల్లలకు సరిపోనివి కొట్టేసి, మీవి రాసుకోండి.