కత్తి కనిపిస్తుందా? శుక్లం ఆపరేషన్‌లో నిజంగా కనిపించేది

నమస్కారం. కంటి ఆపరేషన్ కోసం ఒంగోలు వచ్చేవారితో ముందురోజు కూర్చుని మాట్లాడటం నా ఉద్యోగం. కిందటి వారం కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అడిగారు: "కన్ను బయటికి తీసి, కడిగి, మళ్లీ పెడతారటగా తల్లీ? అదంతా చూస్తూ పడుకోవాలా?"

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీనికి భయపడి వాయిదా వేసి వేసి, గోడ పట్టుకుని నడిచే దాకా తెచ్చుకున్నవారు ఉన్నారు. అందుకే నాకు కోపం. కన్ను ఉన్నచోటే ఉంటుంది. ఎవరూ బయటికి తీయరు.

ఇక కత్తి సంగతి. చిన్నప్పుడు చెరువులో మునిగి, కళ్లు తెరిచి పైకి చూశారా? ఎండ ఒక వెలుగు ముద్దలా ఊగుతుంది. గట్టు మీద అన్న చెయ్యి ఊపినా నీడ కదిలినట్టే ఉంటుంది, అది చెయ్యో చెట్టుకొమ్మో తేలదు. ఆపరేషన్ బల్ల మీద కనిపించేది దాదాపు అదే.

(తెరపై కన్ను బొమ్మ)

పోలిక ఊరికే తేలేదు. వెలుగును వంచే పనిలో మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియాది. చెరువులో మునిగితే ఆ శక్తి దాదాపు పోతుంది. మిగిలిన వంతు లోపలి లెన్స్‌ది. శుక్లం అంటే మసకబారిన ఆ లెన్సే, ఆపరేషన్‌లో తీసేది దాన్నే. రెండు చోట్లా బొమ్మ కుదురుగా పడదు. పైగా మైక్రోస్కోప్ దీపం సూటిగా కంట్లోకి పడుతుంది, మిట్టమధ్యాహ్నం సూర్యుడు చెరువు మీద నిలిచినట్టు. పరికరం మొన రెండు మూడు మిల్లీమీటర్ల గాటులోంచి కంటి లోపలికే వెళ్తుంది. అంత దగ్గరి వస్తువు మీద చూపు నిలుస్తుందా? మీ రెప్ప వెంట్రుకలే మీకు సరిగా కనిపించవు కదా.

కొందరికి డాక్టరు వేళ్లో, పరికరాలో కదులుతున్నట్టు తెలుస్తుంది. చాలామందికి రంగులు: ఎరుపు, పసుపు, నీలం. బాగా ముదిరిన శుక్లానికి నీలం రంగు మందు వాడతారు, అంతా నీలంగా అనిపిస్తే కంగారు పడకండి. ఇంజెక్షన్‌తో మత్తు ఇచ్చినవారిలో కొందరికి వెలుగు కూడా తెలియదు. చెరువు అడుగుకు దిగినట్టు చీకటి. అది మత్తు పని. కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే, చూపు పోయిందని బల్ల మీదే వణికిపోతారు. చెప్పకుండా పంపడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఒంటికి తెలిసేది ఏమిటి? రెప్పలను చిన్న తీగ కొక్కెం పట్టి ఉంచుతుంది, రెప్ప వేయాలన్న బెంగ లేదు. చల్లటి నీళ్లు చెంప మీదికి జారతాయి. లోపల కాస్త ఒత్తిడి. శుక్లాన్ని కరిగించి లాగే యంత్రం సూది సెకనుకు సుమారు 40,000 సార్లు కంపిస్తుంది, ఆ శబ్దం మనిషి చెవికి అందదు. మీరు వినేది యంత్రం పలికే సంకేతాలు.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా. మన తాతల కాలంలో పెద్ద గాటు, కుట్లు, ఆ తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలు. భయం అక్కడి నుంచే వచ్చింది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు కంటి లోపల కృత్రిమ లెన్స్ పెట్టారు. 1967లో చార్లెస్ కెల్మన్ అనే మరో డాక్టరు చిన్న గాటుతో శుక్లాన్ని కరిగించి లాగే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు లెన్స్ మడతపెట్టి లోపలికి పంపితే అక్కడే విచ్చుకుంటుంది. పట్టీ తీశాక తెల్ల పంచె కొన్నాళ్లు నీలి మందు పెట్టినట్టు కనిపించవచ్చు. పసుపెక్కిన పాత లెన్స్ పోయింది మరి.

రేపు ఆపరేషన్ ఉన్నవారు వినండి. దగ్గు ఉంటే ముందే చెప్పండి. ముఖం మీద గుడ్డ కప్పుతారు, ఊపిరి ఆడనట్టుంటే చెప్పండి. నొప్పి అనిపిస్తే తల కదపకండి, చెయ్యి ఎత్తకండి. "డాక్టరుగారూ, నొప్పి" అని నోటితో చెప్పండి, వెంటనే మందు వేస్తారు.