ఫోనుకు ఇవతలి మనిషి
(తిరుపతిలో టెలిఫోన్ కౌన్సెలింగు సేవకు ముందుకొచ్చిన కొత్త కార్యకర్తల శిక్షణ తొలిరోజు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మీలో ఎక్కువమంది ఉపాధ్యాయులు, ఉద్యోగ విరమణ చేసినవారు, విశ్వవిద్యాలయ విద్యార్థులు. నలుగురికీ మంచిమాట చెప్పడం అలవాటైనవారు. ఈ పనిలో మీకు మొదటి అడ్డంకి ఆ అలవాటే.

1953లో లండన్‌లో చాద్ వారా అనే మతగురువు ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారి కోసం ఒక ఫోను నంబరు ప్రకటించారు. తనను కలవడానికి వచ్చినవారికి కాస్త టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు మామూలు మనుషులను పెట్టుకుంటే, వచ్చినవారిలో చాలామంది వాళ్లతోనే మనసు విప్పి మాట్లాడి, ఆయనతో పని లేకుండానే తేలికపడి వెళ్లడం గమనించి, మరుసటి ఏడాదికల్లా ఆ బాధ్యతను వాళ్లకే అప్పగించారు. మన పొరుగున చెన్నైలో 1986లో 'స్నేహ', హైదరాబాదులో 1997లో 'రోష్ని' ఇదే సేవకు పూనుకున్నాయి.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రాత్రి ఒక అమ్మాయి ఫోను చేసి, "రెండు సబ్జెక్టులు పోయినాయి సార్, నాయనకు చెప్పేదానికి నోరు రాలేదు" అన్నదనుకోండి. "సప్లిమెంటరీ ఉంది కదమ్మా" అని మనం ఠక్కున అనేస్తాం. ఆ సంగతి ఆ అమ్మాయికి మనకన్నా బాగా తెలుసు. పాడి ఆవును అమ్మి కాలేజీ ఫీజు కట్టిన తండ్రి మొహం ఎలా చూడాలన్నది ఆమె బాధ. మనం ఊరుకుని, ఆమె ఏడుపును కూడా మాటగానే విని, "నాయన గురించి చెప్పమ్మా" అన్నప్పుడే అది బయటికి వస్తుంది. (నగరి, కుప్పం వైపువారు దుఃఖం పొంగేసరికి అరవంలోకి వెళ్లిపోవడం మామూలే; ఆ భాష వచ్చినవారు ఇవాళే పేరు రాయించండి.)

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని డొంకతిరుగుడు లేకుండా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కర్లేదు; చాలామంది ఆ మాట ఎవరో ఒకరు అడిగితే బాగుండునని ఎదురు చూస్తుంటారు. అవునంటే, ఎలా అనుకుంటున్నారో, ఇంట్లో పురుగుల మందు ఉందో, పక్కన ఎవరున్నారో తెలుసుకుని, ఆ మందును ఇంకొకరి చేతికి అప్పగించేదాకా లైనులో ఉండాలి. ప్రాణాపాయం ఉంటే గోప్యత పాటించలేమని వారితోనే చెప్పి, 108ని పిలిపించాలి. పోలీసు కేసు అవుతుందని జంకేవారికి, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూస్తుందని చెప్పండి. వైద్యం అవసరమనిపిస్తే, 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి.

ఫోను పెట్టేశాక ఆ మనిషి ఏమయ్యారో మీకు చాలాసార్లు తెలియదు. ఆ బరువుతో ఇంటికి వెళ్లి అన్నం తినలేక కూర్చోకూడదు కాబట్టి, డ్యూటీ అయ్యాక సీనియరుతో కాసేపు మాట్లాడనిదే ఎవరూ బయలుదేరకూడదని ఇక్కడ నియమం. చిత్తూరు బస్సు పోతుందని హడావుడి పడేవారికి పగటి డ్యూటీలే వేస్తాం.