తలకోనకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లకండి | తలకోన జలపాతం రివ్యూ

ఆ హోరు వినబడుతోందా? మైకు చొక్కాకి పెట్టుకున్నా కూడా నా గొంతు సగం నీళ్లే మింగేస్తున్నాయి. ఉండండి, కొంచెం పక్కకి జరిగి మాట్లాడతా... ఇప్పుడు ఓకేనా? నా వెనకాల కనబడేదే తలకోన. ఎత్తు 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన జలపాతంగా దీనికే పేరు.

నేనిక్కడికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి జూలైలో వచ్చా. విశాఖ వైపు జలపాతాలు పొంగుతున్నాయని రీల్స్ వస్తుంటే, ఇక్కడా అలాగే ఉంటుందనుకున్నా. తీరా వచ్చి చూస్తే బండ మీద సన్నగా ఒక తెల్లటి గీత, అంతే. కుళాయి సరిగా కట్టకపోతే కారినట్టుంది. తిట్టుకుంటూ ఇంటికెళ్లా. తప్పు నాదే. ఈ ప్రాంతానికి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలప్పుడు పడతాయి. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి తిరుపతి, నెల్లూరు వైపు నాలుగు రోజులు ముసురు పట్టాక, వాన తెరిపిచ్చిన తర్వాత రండి. ఇప్పుడు నవంబరు చివర. తేడా మీరే చూడండి, ఎడమ పక్కన పాత క్లిప్ వేస్తున్నా.

దారి సంగతి తొందరగా చెప్పేస్తా. తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట, నేరబైలు మీదుగా దాదాపు 55 కిలోమీటర్లు. భాకరాపేట ఘాట్‌లో మలుపులు మోసం చేస్తాయి, స్పీడు తగ్గించండి. టిఫిన్ భాకరాపేటలోనే కానిచ్చేయండి. నా ఫోన్‌కైతే నేరబైలు దాటాక సిగ్నల్ పోయింది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అడవిలోకి వెళ్లాలంటే చెక్‌పోస్టు దగ్గర టికెట్. ధర మారుతుంటుంది కాబట్టి ఇక్కడ చెప్పను.

పైనుంచి పడే నీళ్లు చివర్లో పొడి పొడిగా విడిపోయి గాలికి ఎటంటే అటు కొట్టుకుపోతున్నాయి. లెన్స్ ఇప్పటికి ఆరుసార్లు తుడిచా. బండ గోడ చూడండి, కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా ఉంది. ఈ శేషాచలం కొండల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్ రాయి. బాగా గట్టిది. అంత తొందరగా అరగదు, పగులుతుంది. పగిలితే ఇలా పలకలు పలకలుగా నిలబడుతుంది. నీళ్లు తగిలే చోట పాచి పట్టి సబ్బు రాసినట్టుంటుంది. నేను చెప్పులతో దిగి ఒకసారి కూలబడ్డా, మోచెయ్యి గీరుకుపోయింది. ఆ క్లిప్ కూడా ఉంది కానీ వెయ్యను.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. పైనుంచి గుండంలోకి దూకొద్దు. కింద నీళ్లు పచ్చగా, లోతుగా కనబడతాయి గానీ లోపలంతా రాళ్లు. అలా దూకి రాళ్ల మధ్య ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. పైన కొండల్లో వాన పడుతుంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, నీళ్లలోంచి బయటికొచ్చేయండి.

చాలామంది ఇక్కడ స్నానం చేసి, పులిహోర తిని, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. నా దృష్టిలో తలకోన అంటే సగం నీళ్లు, సగం అడవి. నడకదారి పట్టండి. మొదట మెట్లు, తర్వాత వేర్లు, రాళ్లు. పదకొండు గంటలకి కూడా ఎండ నేల మీద పడదు. దారిలో గిల్లతీగ కనబడుతుంది. తీగ అంటే మల్లెతీగ అనుకునేరు. నా నడుమంత లావు! ఒక చెట్టు ఎక్కి, అక్కణ్ణుంచి ఇంకో చెట్టు మీదికి దూకి, మళ్లీ నేలకి దిగి పాము చుట్టలా మెలికలు తిరిగి ఉంది. మొదలెక్కడో వెతకాలని పావుగంట తిరిగి వదిలేశా. దీని కాయ మన చెయ్యంత పొడవుంటుంది, గింజ గుండ్రంగా, ముదురు గోధుమ రంగులో, నున్నగా, అరచేతిలో పెట్టుకుంటే పాత కాలం గడియారంలా ఉంది. చూశాక అక్కడే పెట్టేశా. ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, ఆకు కూడా తేకూడదు.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల చుట్టుపక్కలే. దేవాంగపిల్లి (పేరుకే పిల్లి, నిజానికి పెద్ద కళ్లున్న కోతిలాంటి చిన్న జంతువు), బంగారు బల్లి కూడా ఇక్కడుంటాయి, కానీ అవి రాత్రిపూట తిరిగేవి, మనకి దొరకవు. నాకు బెట్టుడుత, అంటే అడవిలో ఉండే పెద్ద ఉడుత, దొరికింది! పైకొమ్మ మీద తోక వేలాడేసుకుని ఏదో కాయ కొరుకుతోంది. జూమ్ చేసేలోపు మాయం. ఈ మసక ఫోటోతో సర్దుకోండి.

కోతులు మాత్రం ఎక్కడికీ పోవు. నా బ్యాగు జిప్పు తెరిచిన విధానం చూస్తే దానికి అలవాటే అనిపించింది. ఒక చేత్తో బ్యాగు అదిమిపెట్టి, ఇంకో చేత్తో జిప్పు లాగి, బట్టలు పక్కన పెట్టి, మురుకుల ప్యాకెట్ ఒక్కటే తీసుకుంది. పవర్ బ్యాంక్ ముట్టుకోలేదు, ధన్యవాదాలు.

ట్రెక్కింగ్ వాళ్లకి ఒక మాట. టికెట్ తీసుకున్నాం కదా అని మామూలు దారి వదిలి లోపలికి పోకండి. శేషాచలం అడవిలో ట్రెక్ చెయ్యాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఈ కొండల్లోనే పెద్ద నడక నడవాలని ఉంటే, ఫాల్గుణ పౌర్ణమికి తిరుమలలో తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది, పాపవినాశనం దాటి కోనలో నడిచి వెళ్లాలి. పోయినేడు వెళ్లా, ఆ వీడియో త్వరలో పెడతా.

దిగొచ్చాక సిద్ధేశ్వరస్వామి గుడికెళ్లా. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. శివరాత్రికి ఈ మాట చెప్పలేను, అప్పుడు జనం ఇసకేస్తే రాలనంత.

నా రేటింగా? ముసురు పట్టి వదిలాక వస్తే పదికి తొమ్మిది. ఆ ఒకటి చెట్ల కింద పడేసిన చిప్స్ కవర్లకి, మన జనానికే. ఎండాకాలంలో వస్తే ఐదు, అదీ అడవి కోసం.

లాస్ట్ వీడియో కింద ఒకాయన "అమ్మకి మోకాళ్ల నొప్పులు, తీసుకెళ్లొచ్చా అన్నా" అని అడిగారు. గుడి దాకా తీసుకురండి అన్నా. జలపాతం దగ్గరికి మెట్లు కష్టం. అమ్మని నీళ్ల కింద నిలబెట్టాలంటే నారాయణవనం దగ్గర కైలాసకోనకి వెళ్లండి, ఎక్కే పని తక్కువ.