కడవ చెప్పే పాఠం

శ్రోతలకు నమస్కారం. పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలూ, ఈ నాలుగు మాటలూ మీ కోసమే.

మన అనంతపురంలో పరీక్షలూ ఎండలూ కలిసే వస్తాయి. ఆ రోజుల్లోనే ఇంట్లో ఓ మూల ఇసుక పోసి, దాని మీద కొత్త కడవ పెడతారు. ఉష్ణం పాఠంలో సగం ఆ కడవలోనే ఉంది.

కడవ ఒళ్లంతా కంటికి ఆనని సన్న రంధ్రాలు. వాటిగుండా నీళ్లు కొద్దికొద్దిగా బయటికి ఊరి, గాలికి ఆవిరైపోతాయి. ఆవిరి కావాలంటే వేడి కావాలి కదా! దాన్ని కడవ నుంచీ, లోపలి నీళ్ల నుంచీ లాక్కుంటాయి. ఇదే బాష్పీభవనం. స్టీలు బిందెకు ఆ రంధ్రాలు లేవు, అందుకే అందులో నీళ్లు అలా చల్లబడవు.

ఎంత వేడి పోతుందో లెక్క వేద్దాం, కాగితం తీసుకోండి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే 1 కెలోరీ పోవాలి. కడవలో 10 లీటర్లు, అంటే 10,000 గ్రాములు. 10 డిగ్రీలు తగ్గాలంటే 1,00,000 కెలోరీలు పోవాలి. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 540 కెలోరీలు పట్టుకుపోతుంది. అది 100 డిగ్రీల దగ్గర గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత మారకుండానే నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి. మన ఇంటి వేడికి ఇంకాస్త ఎక్కువే. భాగించండి. సుమారు 185 గ్రాములు! బయటి నుంచి కడవలోకి చేరే వేడిని పక్కన పెడితే, ఒక్క గ్లాసెడు నీళ్లు ఆవిరై పది లీటర్లను చల్లబరిచాయి. ఎన్నిసార్లు చేసినా ఈ లెక్క నాకు ఆశ్చర్యమే.

ఇదే కడవ బందరులో ఇంత చల్లగా ఉండదు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, నీళ్లు త్వరగా ఆరవు. మన పొడిగాలే మన కడవకు బలం.

పిల్లలు తడబడేది ఉష్ణం, ఉష్ణోగ్రతల దగ్గర. మరిగే నీళ్లూ 100 డిగ్రీలే, పైకి లేచే ఆవిరీ 100 డిగ్రీలే. అయినా ఆవిరి తగిలితేనే చెయ్యి ఎక్కువ కాలుతుంది. చర్మం మీద అది నీరుగా మారేటప్పుడు, గ్రాముకు ఆ 540 కెలోరీలనూ అక్కడే దించేస్తుంది. ఉష్ణోగ్రత ఒకటే, ఇచ్చే ఉష్ణం వేరు. అందుకే ప్రమాణాలూ వేరు: మనం డిగ్రీలూ కెలోరీలూ వాడాం, అంతర్జాతీయ (SI) పద్ధతిలో ఉష్ణోగ్రతకు కెల్విన్, ఉష్ణానికి జౌల్.

ఒక పని చేయండి. బడి ల్యాబులో థర్మామీటరును పొడిగా ఫ్యాను కింద పెట్టండి, దిగదు. దాని కొసకు తడిగుడ్డ చుట్టి పెట్టండి, చూస్తుండగానే దిగుతుంది. ఎందుకో రెండు వాక్యాల్లో రాసి మీ సార్‌కు చూపించండి. సెలవు.