సిగరెట్ పెట్టెలో నాటక తారలు

శ్రోతలకు నమస్కారం. పాత సిగరెట్ కార్డు ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. ఇంచుమించు 68 మిల్లీమీటర్ల పొడవు, 36 వెడల్పు. దాని మీద ఆనాటి రంగస్థల తారలు లిల్లీ లాంగ్‌ట్రీయో, లిలియన్ రస్సెలో. అసలుదా, నకలా?

అప్పట్లో సిగరెట్లు మెత్తటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. జేబులో నలగకుండా మధ్యలో అట్టముక్క పెట్టేవారు. 1880లలో అమెరికాలో అలెన్ అండ్ జింటర్, కిన్నీ కంపెనీలు దాని మీద నటీమణుల్ని ఎక్కించాయి. కొనేది మగవాళ్లే కదా! ఆ తర్వాత లివర్‌పూల్ ఆగ్డెన్స్ వారి గినీ గోల్డ్ కార్డులు వచ్చాయి, అవి అచ్చంగా ఫొటోలే. మనవాళ్లు కత్తెర మార్కు అనే విల్స్ సిజర్స్ సిగరెట్లతోనూ నటీమణుల కార్డులు వచ్చాయి.

ఇక పరీక్ష. పదింతలు పెంచి చూపే భూతద్దంతో ముందు చెంప మీది నీడ చూడండి. అసలు ఫొటో అయితే చుక్కలుండవు, నలుపు నెమ్మదిగా తెలుపులో కలిసిపోతుంది. రాతిపలక మీంచి తీసే పాత లితో అచ్చులో రంగుచుక్కలు చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు ముగ్గులోలా వరుస తప్పకుండా కనిపిస్తే అది ఈ మధ్య ఆఫ్‌సెట్‌లో వేసిందే. ఒక్కటే రంగు సిరాతో వరుస చుక్కలుంటే మాత్రం తొందరపడకండి, 1890లలోనూ అలాంటి అచ్చు ఉంది.

తర్వాత చీకటి గదిలో యూవీ, అంటే అతినీలలోహిత కాంతి టార్చి వేయండి. అట్ట నీలిగా, తెల్లగా మెరిస్తే అది దాదాపు 1950 తర్వాతి కాగితం. మెరవనంత మాత్రాన అసలుదని కాదు, పాత కాగితం మీద కొత్త అచ్చు వేసేవాళ్లూ ఉన్నారు. ఫొటో కార్డులో నల్లటి చోట్ల వెండి మెరుపు తేలితే మంచి గుర్తే. ఫొటోలోని వెండే అలా పైకొస్తుంది. గుడ్డ పెట్టి తుడిచారో, బొమ్మ గీసుకుపోతుంది.

వెనక ఆల్బమ్ జిగురు అంటుకుని ఉంటే చాలామంది నీళ్లలో నానబెడతారు. వద్దు. కిన్నీ ఫొటో కార్డుల్లో బొమ్మ గుడ్డు తెల్లసొన పూసిన పలచటి కాగితం మీద ఉంటుంది, ఆ కాగితాన్ని అట్టకు అంటించారు. తడిస్తే అంచులు లేచి, పైపొర పగులుతుంది.

మెత్తటి పీవీసీ కవర్లు కొనకండి. అందులోంచి ఊరే నూనెలాంటి పదార్థం బొమ్మకు అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లు మేలు. కోస్తా ఉక్కలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. 1930లలో ప్లేయర్స్ అనే ఇంగ్లండు సిగరెట్ కంపెనీ వేసిన, వెనక బంక పూసిన కార్డుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే వానాకాలంలో అతుక్కుపోతాయి. మధ్యమధ్య సిలికోన్ కాగితం పెట్టండి. ఇక లామినేషన్ ఊసే ఎత్తకండి, ఒకసారి వేస్తే ఊడదు.