కొట్టివేసిన 40 పైసలు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి పారిశ్రామికవాడల నుంచి పని మానుకుని వచ్చిన చిన్న పరిశ్రమల యజమానులకు నమస్కారం. పెద్ద కంపెనీల కొనుగోళ్లు పర్యావరణానికి హాని చేయకుండా, ఎంత ఒడుదొడుకు వచ్చినా ఆగకుండా సాగాలంటే ఏం చేయాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ముప్పై ఒక్క ఏళ్లు కొనుగోలు విభాగంలో పనిచేశాను. ఈ విషయంలో నేను నేర్చుకున్నదంతా ఒక కొటేషన్ కాగితంలో ఉంది కనుక ముందుగా దాని సంగతే చెబుతాను.

2008లో బాలానగర్‌లోని ఒక చిన్న ప్లేటింగ్ యూనిట్ మా ఇనుప బ్రాకెట్లకు జింక్ పూత వేసి ఇచ్చేది. పూత తరువాత పసుపు నిగ్గు రావడానికి ముంచే క్రోమేట్ ద్రావణంలో హెక్సావాలెంట్ క్రోమియం ఉండేది. అది క్యాన్సర్ కారకం. ఆ నీటిని శుద్ధి చేయించడానికి, ట్యాంకర్‌లో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపడానికి డబ్బు కావాలి. ఆ యజమాని కొటేషన్‌లో బ్రాకెట్‌కు పూత ధర 4 రూపాయల 20 పైసలని రాసి, దాని కింద విడిగా ‘వ్యర్థజల శుద్ధి 40 పైసలు’ అని మరో వరుస రాశారు. దాపరికం తెలియని మనిషి. నేను ఎర్ర సిరాతో ఆ రెండో వరుసను కొట్టివేసి, అది మీ ఖర్చు, మాది కాదు అన్నాను. ‘అది తీసేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో మీకూ తెలుసు కద సార్’ అన్నారాయన. నాకు తెలుసు. కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుందని ఈ ఊళ్లో తెలియనివారు ఎవరు?

అదే వారంలో, పర్యావరణ నిబంధనలన్నీ పాటిస్తున్నానని ఆయన చేత ఒక పత్రం మీద సంతకం చేయించి ఫైల్లో పెట్టుకున్నాను. నీటి శుద్ధికి ఇవ్వవలసిన డబ్బు కోసేసిన చేతితోనే ఆ పత్రం అందుకున్నాను.

ఇక బిల్లుల సంగతి. ఒప్పందం ప్రకారం 60 రోజుల్లో చెల్లించవలసినవాటిని 130 రోజులకు చెల్లించేవాళ్లం. ఆ మధ్యకాలంలో జీతాలు ఇవ్వడానికి ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, అప్పు తెచ్చేవారు. మా కంపెనీ బ్యాంకు నుంచి అందులో సగం వడ్డీకి తెచ్చుకోగలిగిన డబ్బును, పద్నాలుగు మంది కార్మికులున్న ఒక రేకుల షెడ్డు చేత అప్పు చేయించి వాడుకున్నాం. చిన్న పరిశ్రమలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని చెప్పే 2006 నాటి చట్టం అప్పటికే అమల్లో ఉంది. ఆయన ఫిర్యాదు చేయలేదు. చేస్తే మరో ఆర్డర్ రాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

మరుసటి ఏడాది ఆ నీటి కాలుష్యం కారణంగా ఆ యూనిట్‌కు మూసివేత ఉత్తర్వు వచ్చింది. విడిభాగాలు కలిపి బిగించే మా అసెంబ్లీ లైను పదకొండు రోజులు ఆగిపోయింది, ఎందుకంటే మరొక ప్లేటర్‌ను వెతికి, నమూనాలు తెప్పించి, పూత తుప్పును ఆపుతుందో లేదో చూసే ఉప్పునీటి తుంపర పరీక్ష చేసి ఆమోదించడానికి అన్ని రోజులు పట్టింది. నెలకు 30,000 బ్రాకెట్ల లెక్కన నేను ఏడాదికి ఆదా చేసింది 1,44,000 రూపాయలు. ఆగిన ఒక్క రోజు నష్టం అంతకంటే ఎక్కువ. ఆ షెడ్డు మళ్లీ తెరుచుకోలేదు. నేను ఆయనను చూడడానికి వెళ్లలేదు.

నా ముందున్న కాగితాల్లో కర్బన ఉద్గారాల లెక్కల గురించి, పర్యావరణహిత కొనుగోళ్లపై ఐ.ఎస్.ఓ. 20400 అనే అంతర్జాతీయ మార్గదర్శకాల గురించి ఇంకా చాలా ఉంది. వాటిని పక్కన పెడుతున్నాను. నాలాలోకి పోయిన నీరు, ఆగిపోయిన అసెంబ్లీ లైను నాకు రెండు వేరువేరు సమస్యలుగా ఎన్నడూ కనిపించలేదు. రెండూ ఆ ఎర్ర గీత నుంచే వచ్చాయి.

జపాన్‌లో 1997 ఫిబ్రవరి 1న కరియాలోని ఐసిన్ కర్మాగారం తగలబడింది. టయోటా కార్ల బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వ్ దాదాపు పూర్తిగా అక్కడే తయారయ్యేది, టయోటా దగ్గర కొన్ని గంటలకు సరిపడా నిల్వ మాత్రమే ఉంది. ఉత్పత్తి ఆగిపోయింది. అప్పుడు ఎన్నో కంపెనీలు, వాటిలో కుట్టుమిషన్లు తయారుచేసే కంపెనీ కూడా, ధర ఎంతో తేల్చుకోకుండానే తమ యంత్రాల మీద ఆ వాల్వులు తయారుచేసి ఇచ్చాయి. కొద్ది రోజుల్లోనే కార్లు మళ్లీ బయటికి వచ్చాయి. మనలో ఎవరి కంపెనీ తగలబడితే బాలానగర్ అలా పరుగెత్తుకు వస్తుందో చెప్పండి. 130 రోజులకు బిల్లు చెల్లించేవాడి కోసం ఎవరు వస్తారు?

ఇప్పుడు చట్టం మరికొంత బిగిసింది. 45 రోజుల గడువు దాటిన బాకీని, అసలు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1000 పెద్ద లిస్టెడ్ కంపెనీల చేత సమర్పింపజేసే నివేదికలో, సరఫరాదారులకు ఎన్ని రోజుల్లో చెల్లిస్తున్నారన్న లెక్క కూడా అడుగుతోంది. మంచిదే. అయితే కంపెనీలు ఈ నివేదికను కూడా నా ఫైల్లోని సంతకంలా మార్చేస్తాయేమోనన్నదే నా భయం.

ఈ సభలో ఉన్న కొనుగోలు అధికారులను రెండు కోరుతున్నాను. రేపు ఉదయం 45 రోజులు దాటిన చిన్న సరఫరాదారుల బిల్లుల జాబితా తెప్పించుకుని, మీరే దగ్గరుండి చెల్లింపజేయండి. మీ కొటేషన్ నమూనాలో వ్యర్థాల శుద్ధికి విడిగా ఒక వరుస పెట్టి, దాన్ని సరఫరాదారులు పోటీపడి ధర తగ్గించే రివర్స్ ఆక్షన్ నుంచి, అతి తక్కువ ధర ఎవరిదో తేల్చే ఎల్-వన్ పోలిక నుంచి, బేరం నుంచి పూర్తిగా తప్పించండి. ఆ డబ్బు చెల్లించి, తరువాత ట్యాంకర్ రసీదు అడగండి. అడిగే హక్కు అప్పుడు మీకు ఉంటుంది.

ఆ పాత కొటేషన్ నకళ్లు, ఆయన పేరు కనబడకుండా చేసి, ద్వారం దగ్గరి బల్ల మీద పెట్టించాను. మీ విభాగంలో కొత్తగా చేరినవారికి చూపించడానికి తలా ఒకటి తీసుకువెళ్లండి.